పశువులు తిరిగొచ్చేదాకా

ఫుసేనా మేడమ్ ఐక్యరాజ్యసమితి తరఫున మా అబ్యేకి వచ్చిన కొత్తలో ఆమె మీద ఎవరికీ పెద్ద నమ్మకం కుదరలేదు. రెండు వర్గాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే పని మీద అంతకు ముందు కూడా చాలామంది వచ్చారు. చేతులు కలిపించారు, ఫొటోలు దిగారు, వానలు పడేలోపు వెళ్లిపోయారు. ఈమె చూస్తే యాభై దాటిన మనిషి. ఘనా దేశం ఉత్తరాన తమాలే అనే ఊరు. మోకాళ్ల నొప్పులు. జీపు దిగేటప్పుడు తలుపు పట్టుకుని "బిస్మిల్లా" అనుకుంటూ ఒక్కో కాలే కింద పెట్టేది. "ఈవిడ జీపు దిగేసరికి యుద్ధం మొదలై ముగిసిపోతుంది" అని బజారులో నవ్వుకునేవారు.

నా పేరు అచాయ్. ఆమెకు దుబాసీని. ఇక్కడి న్గోక్ డింకా తెగ పిల్లని కాబట్టి డింకా మాట పుట్టుకతో వచ్చింది. యుద్ధానికి జడిసి మావాళ్లు ఖార్టూమ్ పారిపోయినప్పుడు అక్కడి పాకల్లోనూ బస్సుల్లోనూ, మా అమ్మ వేరుశనగలమ్మే గంప పక్కన కూర్చుని అరబ్బీ నేర్చుకున్నాను. ఇంగ్లీషు చర్చి బడి పుణ్యం.

మాది ఏ దేశమో ఇంకా తేలని నేల. ఉత్తరాన ఉన్న సూడాన్ మాదంటుంది, దక్షిణ సూడాన్ మాదంటుంది. ఎవరిదైనా ఎండాకాలం వచ్చేసరికి మిసేరియా అరబ్బులు తమ పశువుల్ని తోలుకుని కీర్ నది నీళ్ల కోసం మా పొలాల మీదుగా దిగి రావలసిందే. నది దగ్గర తప్ప వాళ్ల పశువులకి గడ్డి లేదు. వాళ్లొస్తే తప్ప మా బజారుకి పంచదార, ఉప్పు, బట్ట రావు. అందుకని వాళ్లు బయల్దేరకముందే రెండు వైపుల పెద్దలూ కూర్చుని ఏ దారిన రావాలి, ఎక్కడ నీళ్లు పెట్టుకోవాలి అని మాట్లాడుకుంటారు. తుపాకులు వెనకే వదిలి రావాలని కూడా. ఆ మాట నిలిచిన ఏడు బాగుంటుంది.

ఆ మాటల దగ్గరే మేడమ్ సంగతి మాకు మెల్లగా తెలిసింది. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. ఎవరైనా కోపంగా జవాబు చెప్పబోతే చెయ్యెత్తి ఆపేది. "ముందు ఆయనేమన్నాడో నువ్వు చెప్పు. ఆయన అవునంటే అప్పుడు నీ మాట." మొదట్లో అందరికీ ఒళ్లు మండేది. మా అజాక్ పెద్ద ఒకసారి, "నేనేమన్నా బడి పిల్లాడినా, ఒప్పజెప్పడానికి?" అన్నాడు. ఆమె నింపాదిగా, "కాదు పెద్దాయనా, అందుకే మీకు రెండోసారి చెప్పాల్సిన పని ఉండదు" అంది. అజాక్ పెద్ద మూతి ముడుచుకుని, మిసేరియా ఒమ్దా అన్న మాటను అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. ఒమ్దా అంటే వాళ్ల గూడెం పెద్ద. ఆయన పేరు సాబిర్. తన మాట ఎదుటివాడి నోట విని ఆయన గడ్డం నిమురుకుంటూ ఉండిపోయాడు.

ఆ ఏడు సాబిర్ మంద మా వున్‌థోక్ ఊరికి ఉత్తరాన విడిది చేసింది. ఒక తెల్లవారుజామున మా కుర్రాళ్లు కొందరు ఆ మంద మీద పడ్డారు. అడ్డం వచ్చిన ఆదమ్ అనే కాపరిని కాల్చి చంపి, పశువుల్ని తోలుకుపోయారు. ఆదమ్‌కి ఒక తమ్ముడున్నాడు, తీరాబ్. పొద్దెక్కేసరికి తీరాబ్ వెనక గుర్రాల మీద, మోటారు సైకిళ్ల మీద మనుషులు చేరారు. వెనక వదిలి రావలసిన తుపాకులు ఎక్కణ్నుంచో బయటికొచ్చాయి. బజారులో దుకాణాలు మూసేశారు. మా ఆడవాళ్లు పిల్లల్నీ గిన్నెల్నీ మూటగట్టుకున్నారు. ఈ మూట కట్టడం మాకు బాగా అలవాటు.

కాపలాకని ఐక్యరాజ్యసమితి మా దగ్గర పెట్టిన కర్నల్ గెటాచ్యూ తన ఇథియోపియా సైనికుల బండ్లను రెండు వైపుల మధ్యా నిలబెట్టాడు. ఆ బండ్ల నీడలో, మూసిన బజారు ముందు, పెద్దలు కూర్చున్నారు.

అజాక్ పెద్ద దాచలేదు. "చేసింది మావాళ్లే. ఎవరో కూడా తెలుస్తుంది. కానీ వాళ్లు పశువులతో చిత్తడి నేలల్లోకి వెళ్లిపోయారు. మీరు వెంటపడితే మందని నది దాటిస్తారు, ఇక దొరకవు. నేను వెళ్తే దొరుకుతాయి. నాకు వ్యవధి కావాలి."

తీరాబ్ నిలబడే ఉన్నాడు. "వ్యవధి ఇస్తే దాటించేది నువ్వే. మా అన్న మట్టి ఇంకా తడారలేదు. నీ మాట పట్టుకుని ఇంట్లో కూర్చోమంటావా?"

"నా మాట కాక ఇంకేం కావాలి?"

"నీ కొడుకుని ఇక్కడ కూర్చోబెట్టు."

అది వినగానే మావాళ్లు లేచారు, వాళ్లూ లేచారు. కర్నల్ సైనికులు తుపాకులు సర్దుకున్నారు. నేను ఎవరి మాట ముందు తిప్పి చెప్పాలో తెలియక నోరు తెరిచి నిలబడ్డాను.

మేడమ్ మాత్రం లేవలేదు. "అచాయ్, ఒమ్దాని అడుగు. కొడుకు బదులు నేనొస్తే సరిపోతుందా?"

నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను. ఆమె మళ్లీ చెప్పింది. "పశువులు తిరిగొచ్చేదాకా నేను వాళ్ల విడిదిలో ఉంటాను. అజాక్ పెద్ద మాట తప్పితే నేను వాళ్ల చేతిలోనే ఉంటాను."

ఒమ్దా సాబిర్ ఆమెను, మక్కా వెళ్లొచ్చిన పెద్దావిడని పిలిచినట్టు, హజ్జా అని పిలిచాడు. "హజ్జా, నువ్వు మాకు అతిథివి. అతిథిని తాకట్టు పెట్టుకునే జాతి కాదు మాది."

"అయితే అతిథిగానే వస్తాను. రమ్మని పిలవండి."

సాబిర్ నవ్వలేదు గాని కళ్లు దించుకున్నాడు. "రా" అన్నాడు.

కర్నల్ ఆమెను పక్కకి తీసుకెళ్లాడు. ఆయన మంచివాడే. రూల్ తప్పడం ఆయనకి చేతకాదు. "మేడమ్, దీనికి నేను ఒప్పుకోలేను. మీకేమన్నా అయితే నేనేం చెప్పాలి?"

"నాకు ఎన్ని రోజుల సెలవు మిగిలుందో మీ ఆఫీసులో అడగండి కర్నల్. ఇవాళ్టి నుంచి సెలవు పెడుతున్నాను. సెలవులో ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్తానో నా ఇష్టం."

"ఇది చుట్టరికం కాదు."

"మీరు ఇక్కడ బండ్లు పెట్టుకుని కూర్చోబట్టే నేను అక్కడికి వెళ్లగలుగుతున్నాను. మీ పని మీరు చెయ్యండి. వాళ్ల వెంట మాత్రం మీ సైనికుల్ని పంపకండి. పంపితే అజాక్ పెద్ద వెళ్లిన పని చెడుతుంది."

ఆ తరవాత ఆమె నడవడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే రానని చెప్పేదాన్నేమో. తీరాబ్ మనుషుల మధ్యకి ఒక డింకా పిల్ల వెళ్లడమంటే ఏమిటో ఆమెకు తెలుసు, అందుకే చూడలేదు. కానీ అక్కడ ఆమెకు మంచినీళ్లు అడగడానికి కూడా మాట రాదు. ఎవరైనా ఏదో అంటే ఇంకేదో అనుకుంటుంది. నేను చెప్పులు సరిచేసుకుని వెనకే వెళ్లాను. అజాక్ పెద్ద నన్ను పిలిచి, "అమ్మాయ్, నీ తల్లికేం చెప్పమంటావ్?" అన్నాడు.

"పశువుల్ని తొందరగా తెచ్చి, మీరే చెప్పండి పెదనాన్నా."

విడిదిలో చాపల గుడారాలు వరసగా ఉన్నాయి. మమ్మల్ని ఒమ్దా భార్య గుడారంలో దింపారు. మేడమ్ సంచి కింద పెట్టి, "ఆదమ్ తల్లి ఎక్కడుంది?" అని అడిగింది.

ఆ తల్లి పేరు కల్తూమా. నలుగురైదుగురు ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చుని ఉంది. మేడమ్ వెళ్లి, మోకాళ్లు ముడవలేక ఒక పక్కకి ఒరిగి కూర్చుని, అరచేతులు పైకి పట్టి పోయినవాడి కోసం ప్రార్థన చదివింది. అది అరబ్బీలోనే కదా. నా అవసరం పడలేదు. అందరూ ఆమీన్ చెప్పుకున్నారు.

అప్పుడు కల్తూమా నన్ను చూసింది. "ఈ పిల్ల వాళ్లదేనా?"

ఆ మాటను మేడమ్‌కి తిప్పి చెప్పడం నా పని. చెప్పాను.

"అవునని చెప్పు" అంది మేడమ్. చెప్పాను.

"నా కొడుకుని చంపినవాళ్ల ఆడపిల్ల నా చాప మీద ఎందుకు కూర్చుంది?"

అదీ చెప్పాను. మేడమ్ నా చేయి పట్టుకుని, కల్తూమాతో నెమ్మదిగా అంది. నేను తిప్పాను. "అమ్మా, ఇక్కడికి రమ్మని ఈ పిల్లని ఎవరూ బలవంతపెట్టలేదు. నాకు మీ మాట రాదు. మీరు మీ బాధ చెబితే నాకు వినపడాలని వచ్చింది."

టీ వచ్చింది. మేడమ్‌కి ఒక గ్లాసు ఇచ్చారు. నాకివ్వలేదు. మేడమ్ సగం తాగి, మిగిలింది నా చేతిలో పెట్టింది. అది అందరూ చూశారు.

ఆ తరవాతి రోజులు మెల్లగా గడిచాయి. మేడమ్ ఆడవాళ్లతో కలిసి పాలు చిలికేది. ఆమె తండ్రి కూడా పశువులు కాసినవాడేనట. ఒక ఆవు పొదుగు తడిమి చూసి వాపుందని చెబితే ఒమ్దా భార్య, "ఈ హజ్జా ఆఫీసులో ఏం చేస్తోంది, పాడు" అంది. జొన్న సంకటి, ఎండు బెండకాయ పులుసు పెట్టేవారు. మేడమ్ రెండోసారి అడిగి వడ్డించుకునేది. నాకు ముద్ద దిగేది కాదు. ఒక పూట నేను నీళ్లు తెస్తుంటే కల్తూమా పిలిచింది. "నీ అరబ్బీ ఏంటే అట్లా ఉంది? ఖార్టూమ్ బస్సు కండక్టర్లా."

"బస్సుల్లోనే నేర్చుకున్నానమ్మా. పల్లీలమ్ముతూ."

"మీవాళ్లు అక్కడెందుకున్నారు?"

"మా ఊరు తగలబెట్టారు."

ఎవరు తగలబెట్టారో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తన పక్కన చాప మీద దుమ్ము దులిపి, "కుండ దించు. మెడ విరుగుతుంది" అంది.

ఇదంతా జరుగుతున్నా అజాక్ పెద్ద నుంచి కబురు లేదు. తీరాబ్ మనుషులు రోజూ ఉదయం గుర్రాల జీన్లు బిగించేవారు, ఒమ్దా వెళ్లి విప్పించేవాడు. ఒకనాడు ఒమ్దా మాట సాగలేదు. పశువులు నది దాటేశాయని ఎవరో వార్త తెచ్చారు. బయట కేకలు విని మేం వచ్చేసరికి తీరాబ్ గుర్రం మీదున్నాడు, వీపున తుపాకీ ఉంది.

"హజ్జా, నీ పెద్దమనిషి మాట నదిలో కలిసింది. పక్కకి తప్పుకో."

"ఎవరు చూశారు?"

"మావాడే."

"పిలువు. నాకు చెప్పమను."

ఆ మనిషిని ముందుకి తోశారు. మేడమ్ అడిగింది, నేను తిప్పాను. పశువుల్ని చూశావా? లేదు, దుమ్ము చూశాను. ఎటు పోతోంది? అతను తడబడ్డాడు. నది వైపో, ఇటు వైపో దూరం నుంచి తెలియలేదన్నాడు.

"దుమ్ము చూసి ఊరి మీద పడతావా తీరాబ్?"

"మా అన్నని చంపినప్పుడు వాళ్లేం చూసి పడ్డారు?" అన్నాడతను. "నువ్వు మంచిదానివే హజ్జా. నీకే హానీ చెయ్యను. తప్పుకో."

మేడమ్ నా భుజం పట్టుకుని, గుర్రాల ముందు నేల మీద కూర్చుంది. ఆమె కూర్చోవడం మాటలు కాదు. ముందు ఒక మోకాలు, తరవాత చేయి, తరవాత ఇంకో మోకాలు. అంతసేపూ అన్ని గుర్రాలూ ఆగి ఉండాల్సి వచ్చింది. "నన్ను లేపాలంటే ఇద్దరు కావాలి" అంది. "ఎవరొస్తారో తేల్చుకోండి."

నేనూ పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి నా భుజం వదల్లేదు కాబట్టి కూర్చున్నాను, అది ధైర్యం కాదు. గుర్రం ముక్కు నా నెత్తికి తగులుతోంది. తీరాబ్ కళ్లెం పక్కకి లాగి, చుట్టు తిరిగి పోదామని చూశాడు.

అప్పుడు కల్తూమా వచ్చింది. మాసిన తెల్లగుడ్డ నెత్తి మీదికి లాక్కుంటూ అందరి మధ్యనుంచీ నడిచి వచ్చి, మేడమ్‌కి అవతలి పక్కన, గుర్రం తిరగబోయిన చోటే కూర్చుంది.

"అమ్మా, లే."

"నాకు ఇద్దరు కొడుకులు. ఒకడిని మొన్న పూడ్చాను" అంది కల్తూమా. "నువ్వు పో. పోయి గెలిచినా వాళ్లు మళ్లీ వస్తారు, ఓడినా నేనే ఏడవాలి. నా దగ్గర ఇంక కన్నీళ్లు లేవురా. దిగు."

ఈ మాటలు మేడమ్‌కి చెప్పబోయాను. ఆమె నా మోకాలి మీద చేయి వేసి, "అక్కర్లేదు" అంది.

తీరాబ్ చాలాసేపు గుర్రం మీదే ఉన్నాడు. ఎండ నెత్తికెక్కింది. వెనక ఉన్నవాళ్లు ఒక్కొక్కరే నీడలోకి జరిగారు. చివరికి అతను దిగి, జీను విప్పకుండానే గుర్రాన్ని మేకుకి కట్టి, ఒక్కడే దూరంగా పోయి కూర్చున్నాడు. ఒమ్దా సాబిర్ వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు.

మేడమ్‌ని నేనూ కల్తూమా కలిసి లేపాం. గుడారంలో ఆమెకు టీ ఇచ్చారు. టీ చీర కొంగులాంటి ఆమె పైగుడ్డ మీద ఒలికింది.

"భయం వెయ్యలేదా మేడమ్?"

"వేసింది. అందుకే కూర్చున్నాను. నిలబడితే కాళ్లు వణకడం అందరికీ కనపడేది."

మర్నాడు మధ్యాహ్నం ఉత్తరపు గాలికి దక్షిణాన దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి మొదట కొమ్ములు, తరవాత మనుషులు కనిపించారు. ముందు అజాక్ పెద్ద. వెంట ఈటె లేదు, తుపాకీ లేదు, చేతిలో తోలే కర్ర. పశువుల్ని తోలుతున్నది మా వున్‌థోక్ ఆడవాళ్లు. కుర్రాళ్లని తెస్తే ఎవరో ఒకరు కాలుస్తారని ఆయన ఆడవాళ్లని మాత్రమే తెచ్చాడు. వాళ్లలో మా అమ్మ ఉంది. నన్ను చూసి పలకరించలేదు. దెబ్బ తగలకుండా ఉన్నానో లేదో తలనుంచి పాదాల దాకా చూసుకుని, మళ్లీ పశువుల మీదికి తిరిగింది.

అజాక్ పెద్ద నేరుగా కల్తూమా ముందుకొచ్చి నిలబడ్డాడు. పాదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. ఆయన డింకాలో చెప్పాడు, నేను తిప్పాను.

"కొన్ని దొరకలేదు. వాటి బదులు నా మందలోవి తెచ్చాను. కాల్చినవాడు నా చెల్లెలి కొడుకు. నేనే పట్టి, కర్నల్ చేతికి అప్పగించి వస్తున్నాను. ఆదమ్‌కి బదులు ఇవ్వడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. పెద్దలు కూర్చుని ఏది నిర్ణయిస్తే అది కడతాం. అది సరిపోదని నాకు తెలుసు."

కల్తూమా అడిగింది. "నీ చెల్లెలు ఏడుస్తోందా?"

"ఏడుస్తోంది. నన్ను తిడుతోంది."

"తిట్టనీ." వెనక్కి తిరిగి కేకేసింది. "ఈ ముసలాయనకి నీళ్లియ్యండి. నడిచొచ్చాడు."

తీరాబ్ మందలోకి వెళ్లాడు. బరువులు మోసే ఒక ఎర్ర ఎద్దు దగ్గర ఆగి, దాని మెడ మీద నుదురు ఆనించి నిలబడ్డాడు. అది అతని అన్న ఎద్దు. తిరిగొచ్చాక అజాక్ పెద్దతో, "నేను క్షమించలేదు" అన్నాడు. "గుర్రం దిగాను, అంతే."

"అది చాలు నాయనా" అన్నాడు అజాక్ పెద్ద. "ఈ ఏటికి అది చాలు."

మందలు నదికి దిగాయి. బజారు తెరిచారు. మళ్లీ పంచదార వచ్చింది. రెండు వైపుల పెద్దలూ కలిసి కూర్చుని ఆదమ్ ప్రాణానికి పరిహారం నిర్ణయించారు. బేరాలు, అరుపులు, అలకలు అన్నీ అయ్యాయి గాని ఎవరూ ఆయుధం తేలేదు. తరవాతి ఏళ్లన్నీ అట్లా గడిచాయని చెప్పను. చెడ్డ ఏళ్లూ వచ్చాయి. కానీ ఆ ఏడు వున్‌థోక్‌లో ఒక్క పాక కూడా కాలలేదు. ఆ ఎండాకాలంలో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు.

మేడమ్‌ని పైవాళ్లు పిలిపించి గట్టిగా చీవాట్లు పెట్టారట. దుబాసీ ప్రాణాన్ని కూడా ప్రమాదంలో పెట్టారని అన్నారట. "ఆ ఒక్క మాటా నిజం" అని ఆమె నాతో అంది. "అదొక్కటే నాకు నిద్ర పట్టనియ్యలేదు." వానలకి ముందే ఆమెని వేరే దేశానికి మార్చారు.

వెళ్లే రోజు హెలికాప్టర్ దగ్గరికి అజాక్ పెద్ద వచ్చాడు. ఒమ్దా సాబిర్ బలిసిన గొర్రెపోతును తాడుతో లాక్కుంటూ వచ్చాడు. అతిథిని ఉత్త చేతులతో పంపే అలవాటు లేదన్నాడు. పైలట్ గొర్రెని చూసి తల అడ్డంగా ఊపాడు. ఒమ్దా ముఖం ముడుచుకున్నాడు.

మేడమ్ తాడు అందుకుంది. "నాది కదా ఇప్పుడు? అయితే నేను చెప్పినట్టు చెయ్యాలి. మీరిద్దరూ దీన్ని కోసుకుని ఒకే పళ్లెంలో తినాలి."

"కోసేది నేనే" అన్నాడు ఒమ్దా.

"కోస్తే కొయ్యి. వండేది మావాళ్లు" అన్నాడు అజాక్ పెద్ద. "మీ వంటలో ఉప్పుండదు."

"ఉప్పు మీకు తెచ్చిచ్చేదే మేము."

మేడమ్ నన్ను దగ్గరికి తీసుకుంది. "బిస్మిల్లా" అనుకుంటూ మెట్లెక్కింది, కింద నుంచి నేను పట్టుకున్నాను. రెక్కలు తిరగడం మొదలయ్యేసరికి గొర్రె బెదిరి పరిగెత్తింది. ఆ ఇద్దరు ముసలివాళ్లూ తలపాగా ఒకరు, టోపీ ఒకరు పట్టుకుని, వంట సంగతి వాదించుకుంటూనే దాని వెనక పరిగెత్తారు.